తొమ్మిదో ప్రశ్న

2025 జూలై 8

శోభనాద్రి వచ్చి వెళ్ళాడు. నేను పదవీ విరమణ చేసిన పదమూడేళ్ళలో అతను ఈ గడప తొక్కడం ఇదే మొదలు. నా దగ్గర ఎమ్మే చదివి, నేను లేచిన కుర్చీలోనే కూర్చుని, ఇవాళ మనస్తత్వశాస్త్ర విభాగానికి అధిపతి అయిన మనిషి బత్తాయిల సంచీతో వచ్చాడు. నాకు బత్తాయి పడదన్న సంగతి పద్నాలుగేళ్ళు పక్క గదిలో పనిచేసినవాడికి తెలియలేదు.

రెండేళ్ళ కిందట మా కళాశాలలో క్లినికల్ సైకాలజీ కోర్సు మొదలుపెట్టారు. దానికి దిల్లీ మండలి గుర్తింపు ఇంకా రాలేదు. ఆగస్టు మూడో వారంలో తనిఖీ సంఘం వస్తుందట. గుర్తింపు వస్తే మొదటి బ్యాచి పదకొండు మందికీ రిజిస్ట్రేషను నంబర్లు వస్తాయి, ప్రాక్టీసు చేసుకోవచ్చు. రాకపోతే వాళ్ళ రెండేళ్ళూ నీళ్ళలో పోసినట్టే. గుర్తింపు లేకుండా పిల్లల్ని ఎలా చేర్చుకున్నావని అడిగాను.

"అందరూ అంతేనండీ మేడం గారూ. ఇల్లు కట్టేసుకుని ప్లాను అప్రూవల్‌కి వెళ్ళడం లేదాండీ బందరులో?"

నవ్వాడు. నేను నవ్వలేదు.

మండలి దరఖాస్తులో ఒక గడి ఉన్నదట: విభాగం సొంతంగా రూపొందించి, స్థానిక భాషలో ప్రమాణీకరించిన పరీక్ష ఏదైనా ఉన్నదా? ఆ గడిలో రాసుకోవడానికి వీళ్ళ దగ్గర ఉన్నది నేను 1980లో తయారుచేసిన బాలల ప్రజ్ఞా పరీక్ష ఒక్కటే. గుడివాడ, బందరు, పామర్రు, నాగాయలంక. చోటుకు అరవై మంది చొప్పున రెండు వందల నలభై మంది పిల్లలు. మొదటి మూడింటికీ కలిపి సాధారణ పట్టిక, నాగాయలంకకు విడిగా తీరప్రాంత పట్టిక. నలభై అయిదేళ్ళుగా ఈ చుట్టుపక్కల పిల్లల తెలివిని కొలిచినవాళ్ళు నా పట్టికలతోనే కొలిచారు. నా పేరు చెప్పకుండానే కొలిచారు.

ఇప్పుడు ఒరిజినల్ జవాబు పత్రాలు కావాలట. నాకు "వ్యవస్థాపక ఆచార్యులు" అని బోర్డు కూడా పెడతారట.

ఈ వయస్సులో నాకు బోర్డులతో పని లేదు. అటక మీది పెట్టె మాత్రం దింపించాను. దుమ్ము దులిపి చాలా రోజులయింది.

జూలై 11

మూడు కట్టలు పంపించాను. నాలుగోది, నాగాయలంకది, చెదలు తినేసి ఉండవచ్చునని చెప్పాను. ఉండవచ్చునని మాత్రమే అన్నాను.

జూలై 19

విభాగం చూడడానికి రమ్మని కారు పంపాడు. కారు తిప్పి పంపి ఆటోలో వెళ్ళాను.

పాత సామాను గదిని "పరిశీలన గది" చేశారు. మధ్యలో అద్దం. అద్దానికి ఇవతల చీకట్లో కూర్చున్న విద్యార్థులకు అవతల రోగి కనబడాలి, రోగికి మాత్రం అద్దంలో తన ముఖమే కనబడాలి. కార్ల షాపువాడి చేత నల్ల ఫిల్ము అంటించారు. అంతవరకు బాగానే ఉన్నది. ట్యూబులైట్లు మాత్రం విద్యార్థుల గదిలో పెట్టి, రోగి గదిని చీకటి చేశారు. నేను రోగి కుర్చీలో కూర్చున్నాను. అవతల శోభనాద్రి తల దువ్వుకుంటూ స్పష్టంగా కనబడ్డాడు. అతనికి అతనే కనబడుతున్నాడు.

బయటికి వచ్చి, "లైట్లు అటువి ఇటు మార్చు," అన్నాను. అక్కడ కాగితాలు స్కాను చేస్తున్న ఒక అమ్మాయి ఫక్కున నవ్వి, వెంటనే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. పేరు జెనిఫర్. ఆ పదకొండు మందిలో ఒకతె. నా కట్టలన్నీ ఫైలు చేసే పని ఆమెకు అప్పగించారు.

"మీ చేతిరాత చాలా బాగుంటుందండీ మేడం. గుడివాడ కాగితాల మీద నూనె మరకలు, టీ మరకలు. పామర్రులో ఒక పిల్లాడు కాగితం మీదే తాబేలు బొమ్మ గీసేశాడు. మీరు కింద 'బొమ్మకు మార్కు లేదు' అని రాశారు."

ఆ పిల్లవాడు నాకు గుర్తున్నాడు. ఎన్నాళ్ళకో ఒకరు నా పనిని చదివారు. ఆటోలో ఇంటికి వస్తూ ఆ మాటే తలచుకున్నాను. ఇది గర్వం కాదు.

జూలై 24

జెనిఫర్ ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది. కాఫీ ఇచ్చాను, తాగింది.

వాళ్ళ ప్రాక్టీసు క్లినిక్కుకు నాగాయలంక నుంచి భవిత అనే ఏడేళ్ళ పిల్లను తీసుకువచ్చారట. రెండేళ్ళుగా ఒకటో తరగతిలోనే ఉన్నది. వేళ్ళు లెక్కపెట్టలేదు. దారి గుర్తుండదు. సాధారణ పట్టికలో చూస్తే ఆ పిల్ల స్కోరు అరవై ఆరు. డెబ్బైకి తక్కువ గనుక వైకల్యపు సర్టిఫికెట్టు వస్తుంది, బడిలో ప్రత్యేక టీచరును ఇస్తారు. కాని నాగాయలంక పిల్ల గనుక తీరప్రాంత పట్టికలో చూడాలి. అందులో అవే జవాబులకు డెబ్బై ఎనిమిది వస్తున్నది.

"అంటే, ఆ ఊరి పిల్లకి ఆ మాత్రం చాలు అని పట్టిక అంటోందండీ. అందుకే ఆ అరవై కాయితాలూ ఒకసారి చూద్దామని. ఎక్కడైనా కూడికలో తప్పుందేమో."

"నా కూడికలో తప్పు ఉండదు."

"అయితే చెదలు తినకపోతే బావుణ్ణండీ."

ఈ కాలపు పిల్లల వినయంలో ఒక ముల్లు ఉంటుంది. నాగాయలంక ఎప్పుడు వెళ్ళారని అడిగింది. జనవరిలో వెళ్ళానన్నాను. ఎన్ని రోజులున్నారని అడిగింది. బస్సులు సరిగా ఉండేవి కావన్నాను.

జూలై 25

ఆ రోజుల్లో మధ్యాహ్నం ఒకే బస్సు. అది తప్పితే మర్నాటి దాకా లేదు. అందుకే లేచాను.

ఆగస్టు 2

ఇవాళ నాకు వచ్చినంత కోపం ఈ మధ్యకాలంలో రాలేదు.

శోభనాద్రి ఫోను. నూట ఎనభై కాగితాలతో ఫైలు నిలబడదట, రెండు వందల నలభై చూపించాలట. "పోనీండి మేడం గారూ, మీరు శ్రమపడకండి. మన అమ్మాయిలు కూర్చుని ఆ అరవై నింపేస్తారు. పాత కాయితం బైండింగు షాపులో దొరుకుద్ది. కాస్త టీ డికాషను చల్లితే ముప్ఫై నలభై ఏళ్ళ నాటివాటిలా ఉంటాయండీ."

నా పరీక్షకు దొంగ కాగితాలు! నేను బతికుండగా! విద్యార్థుల చేత! మనస్తత్వశాస్త్రమంటే ఏమిటనుకున్నావు, కొలిచే చెయ్యి అబద్ధమాడితే ఇక కొలత ఎందుకని ఫోనులోనే అరిచాను. మళ్ళీ అటక మీదికి ఎక్కించిన నాలుగో కట్టను దింపించి, వెంటనే ఆటోలో పంపించేశాను. అప్పుడు గాని నా ఊపిరి కుదుటపడలేదు.

ఆగస్టు 3

ఫైలులో పెట్టిన కాగితాలను ఎవరూ చదవరు. సంఘాలు పేజీల సంఖ్య చూస్తాయి.

ఆగస్టు 9

చదివింది.

పదకొండు గంటలకు జెనిఫర్ వచ్చింది. ఈసారి కూర్చోలేదు. సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నాగాయలంక, పదిహేడో నంబరు. పేరు శ్యాంబాబు, వయస్సు ఎనిమిది. స్కోరు డెబ్బై ఒకటి.

"ఎవరో తెలుసాండీ?"

"రెండు వందల నలభై మంది పిల్లలు. నాకు పేర్లు ఎలా గుర్తుంటాయి?"

"మా నాన్నండీ."

నాగాయలంకలో పడవ ఇంజన్లు బాగుచేస్తాడట. ఇంజను చప్పుడు విని, విప్పకుండానే ఏది పోయిందో చెబుతాడట. ఆమె అదేమీ గొప్పగా చెప్పలేదు. రేషను కార్డులోని వివరం చెప్పినట్టు చెప్పింది.

"నిన్న ఫోను చేసి అడిగానండీ. నాన్నా, చిన్నప్పుడు మీ బడికి ఒక మేడం వచ్చి ప్రశ్నలడిగారా అని. రావడం వచ్చారమ్మా, అడగలేదు అన్నాడు. ఈ కట్టకి ఒక్క మరక లేదండీ మేడం. అరవై కాయితాలూ ఒకే సిరా. తాబేలు గీసినవాడు ఒక్కడూ లేడు."

నేను లేచి కిటికీ తలుపు సరిచేశాను. అది సరిగానే ఉన్నది.

"ఒక్కటడుగుతానండీ. తొమ్మిదో ప్రశ్న."

తొమ్మిదో ప్రశ్న నాకు చదివి వినిపించనక్కర్లేదు. అయినా వినిపించింది. "ఇంట్లోకి నీళ్ళు వస్తుంటే ముందు ఏం చేస్తావు?" దానికి జవాబుగా నా రాతలో "తెలియదు" అని ఉన్నది. మార్కు సున్న.

"అరవై మందిలో నలభై మూడు మందికి ఇదే ఉందండీ. తెలియదు, తెలియదు, తెలియదు. ఉప్పెన వచ్చి రెండేళ్ళయింది మేడం అప్పటికి. ఆ పేటలో, ఆ పిల్లల్ని, ఇంట్లోకి నీళ్ళొస్తే ఏం చేస్తావని అడిగితే... తెలియదన్న పిల్ల ఎవరండీ? ఒక్క పిల్లని చూపించండి."

నేను బల్ల మీది కాగితాన్ని తిప్పి బోర్లా పెట్టాను.

"పోనీ, చాలా తెలిసి చెప్పలేక ఏడిచారని రాసినా నమ్మేదాన్నండీ," అన్నది. కాగితం తిరిగి సంచీలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "కాఫీ వద్దండీ," అన్నది. నేను ఇస్తానని అనలేదు.

ఆగస్టు 10

ఆ రోజు నాకు జ్వరంగా ఉన్నది.

ఆగస్టు 13

జ్వరం లేదు. బస్సు వేళా కాలేదు.

ఇది నేను చదువుకోవడానికి నేనే రాసుకుంటున్నాను గనుక, ఉన్నది ఉన్నట్టు రాయకపోతే ఈ పుస్తకం కూడా నాలుగో కట్టే అవుతుంది.

1980 జనవరి 23. ముందు రోజు నాగాయలంకలో మా మేనమామ ఇంట్లో దిగాను. "పేట బడికి వెళ్తే వెళ్ళు. తిండీ నీళ్ళూ మాత్రం ఇక్కడే," అన్నాడాయన. చదువుకున్నదాన్ని, నాకు చెప్పాలా అన్నాను. ఆ మాటకు నేను ఇచ్చుకున్న అర్థం వేరు, ఆయన తీసుకున్న అర్థం వేరు. మర్నాడు చూస్తే ఆయన తీసుకున్నదే సరైనదని తేలింది.

పేట బడికి కొత్తగా తాటాకు కప్పారు. మాస్టారు బాలస్వామి గారు. నేను రాసిన కార్డు అందిన దగ్గరనుంచి పిల్లల్ని సిద్ధం చేస్తున్నానన్నారు. అరవై మంది, నాలుగు వరుసలు. అందరి తలలకూ నూనె రాసి దువ్వారు. పలకలు తుడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. జాబితా కూడా ఆయనే రాసి పెట్టారు: పేరు, వయస్సు, తండ్రి పేరు. పదకొండు పేర్ల పక్కన తండ్రి గడిలో "లేరు" అని ఉన్నది. ఎందుకు లేరో అడగవలసిన పని లేదు.

నేను కుర్చీలో కూర్చుని మొదటి పిల్లను పిలిచాను. అప్పుడు ఆయన భార్య సంతోషమ్మ మజ్జిగ తెచ్చింది. స్టీలు గ్లాసు. నా కళ్ళ ముందే బిందె దగ్గర రెండుసార్లు కడిగింది. రెండోసారి ఎందుకు కడిగిందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఇప్పుడే తాగి వచ్చాను," అన్నాను.

ఆమె గ్లాసు వెనక్కి తీసుకుపోలేదు. పట్టుకుని అక్కడే నిలబడింది. బలవంతం చేయడానికి కాదు. ఏం చేయాలో తోచక. అరవై మంది పిల్లలూ గ్లాసు వంక చూస్తున్నారు. తర్వాత నా వంక చూశారు. ఆ మధ్యాహ్నం ఆ బడిలో పరీక్ష జరగలేదనడం అబద్ధం. జరిగింది. ఒకే ప్రశ్న, ఒకే మనిషికి.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. గ్లాసు తెచ్చినందుకు. ఆ కోపంతో లేచి, రేపు వస్తానని చెప్పి, జాబితా తీసుకుని వచ్చేశాను.

మార్చిలో థీసిస్ ఇవ్వాలి. గుడివాడ మేడ మీది గదిలో నాలుగు రోజుల్లో అరవై కాగితాలు నింపాను. పేర్లు నిజమైనవి, వయస్సులు నిజమైనవి. జవాబులు నావి. నాలుగు చోట్లా ఒకటే ఫలితం వస్తే థీసిస్‌లో చెప్పడానికేమీ ఉండదు. అందుకని అంకెలు తగ్గించాను. ఎంత తగ్గిస్తే అందరూ నమ్ముతారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పరీక్షకులు ఆ భాగాన్నే ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఆ పిల్లలు నాకు మందబుద్ధులుగా కనబడలేదు. కనబడాలని రాశాను.

నాన్నగారిని ఎదిరించి చదివాను. చూసిన సంబంధాలన్నీ తిప్పికొట్టాను. నందివాడలో నా వాటా పొలం మీద అన్నదమ్ముల పెత్తనం ఒప్పుకోలేదు. బందరులో నా జీతంతో నా ఇల్లు కట్టుకున్నాను. నా గురించి నేను ఎప్పుడు చెప్పుకున్నా ఈ వరుసలోనే చెప్పుకుంటూ వచ్చాను. ఇంతమందిని ఎదిరించినదాన్ని ఒక గ్లాసు మజ్జిగ తాగలేకపోయాను.

ఆగస్టు 17

జెనిఫర్‌ను నేనే పిలిపించాను. ఉన్నది చెప్పాను. విన్నది. ఆశ్చర్యపోలేదు.

"ఆ మజ్జిగ తెచ్చినావిడ మా నానమ్మేనండీ. చెబుతుంటుంది. మర్నాడు కూడా పిల్లలకి తలకి నూనె రాశారట. మూడో రోజు కూడా. నాలుగో రోజు తాతయ్య, ఇంక చాల్లే, నూనె అయిపోయింది అన్నారట."

శుక్రవారం సంఘం ముందు తీరప్రాంత పట్టికను ఉపసంహరించుకుంటానని చెప్పాను. పట్టిక పోతే భవితను సాధారణ పట్టికతో చూస్తారు, సర్టిఫికెట్టు వస్తుంది. కాని ఆ గడి ఖాళీ అవుతుంది. గుర్తింపు ఆగిపోవచ్చు. పదకొండు మంది రెండేళ్ళు పోవచ్చు. నీ రెండేళ్ళతో సహా. ఏమంటావని అడిగాను.

ఆమె ముఖంలో మొదటిసారి కోపం కనబడింది.

"ఇదేంటండీ మేడం? నలభై అయిదేళ్ళు మీరు మోసి, చివర్న నా నెత్తిన పెడతారా? చెప్పమంటే పదిమంది నోట్లో మట్టి కొట్టినదాన్నవుతాను. వద్దంటే భవితకి నేనే అన్యాయం చేసినట్టు. రెండూ నా చేతనే అనిపిస్తారా? నేను చెప్పను. మీరే తేల్చుకోండి."

అడగకూడనిది అడిగాను. తేల్చుకున్నాను.

ఆగస్టు 22

ఇస్త్రీ చేసిన గుంటూరు నేత చీర కట్టుకున్నాను.

కాలేజీ పెళ్ళివారిల్లులా ఉన్నది. క్లినిక్కు వరండాలో బెంచీల నిండా రోగులు. వాళ్ళలో హాస్టలు వంటమనిషిని గుర్తుపట్టాను. పక్కన కూర్చున్న నిమ్మకాయలు అమ్మే ఆవిడ నన్ను డాక్టరమ్మ అనుకుని, "నాకేం జబ్బని చెప్పమంటారండీ? పొద్దున చెప్పారు గానీ మర్చిపోయాను," అని అడిగింది. మతిమరుపని చెప్పమన్నాను.

సంఘంలో ముగ్గురు. అధ్యక్షురాలు బెంగుళూరావిడ, నా కంటే పాతికేళ్ళు చిన్నది. గదుల పొడవు వెడల్పులు టేపుతో కొలిచారు. పుస్తకాలు లెక్కపెట్టారు. అద్దం చూశారు. లైట్లు మార్చి ఉన్నాయి. తర్వాత సమావేశం. నన్ను పరిచయం చేసి శాలువా కప్పారు. ఆ శాలువాతోనే లేచి నిలబడి, ఇంగ్లీషులో, ఒక్కొక్క వాక్యమే చెప్పాను. నాగాయలంకలో నేను ఒక్క పిల్లను కూడా పరీక్షించలేదు. ఆ అరవై పత్రాలు నేను గదిలో కూర్చుని రాసినవి. తీరప్రాంత పట్టిక అబద్ధం. దాన్ని కొట్టివేయండి.

గోడవారగా నిలబడిన పదకొండు మందిలో జెనిఫర్ తల వంచుకుని ఉన్నది.

శోభనాద్రి మెల్లగా లేచాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నడూ వేయని చెయ్యి. అధ్యక్షురాలి వైపు వంగి, గొంతు తగ్గించి, నాకు వినబడేటట్టు అన్నాడు. "మేడం గారికి ఈ మధ్య కొద్దిగా... డెబ్బై రెండేళ్ళు కదండీ. ఒంటరిగా ఉంటారు. మొన్న కూడా ఒక కట్ట చెదలు తినేసిందన్నారు, తర్వాత మళ్ళీ వారే పంపించారు."

అది నిజం. నేనే అన్నాను, నేనే పంపించాను.

అధ్యక్షురాలి ముఖం మెత్తబడింది. ఆవిడ నా పక్కకు వచ్చి కూర్చుని, ఇవాళ ఏ వారం మేడం అని అడిగింది. ఆ గొంతు నాకు తెలుసు. తొందరపెట్టని, తప్పు పట్టని, పైకి లేవని గొంతు. ఆ గొంతుతో ఎలా అడగాలో ముప్ఫై ఏళ్ళు నేనే పాఠం చెప్పాను.

"శుక్రవారం."

"వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్ళగలరా?"

వెళ్ళాను. తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది. ఆవిడ చాలన్నది. నేను ఆగలేదు. డెబ్బై రెండు, అరవై అయిదు, యాభై ఎనిమిది, అలా రెండు దాకా వెళ్ళి ఆగాను. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆవిడ నా చెయ్యి నొక్కి, "చాలా బాగా చేశారు," అన్నది.

పట్టిక గురించి ఆవిడ ఒక్క మాట అన్నది, శోభనాద్రితో. వాళ్ళ ఫారంలో పరీక్ష ఉన్నదా లేదా అనే గడి మాత్రమే ఉన్నదట. అది ఎలా పుట్టిందో రాయడానికి గడి లేదట.

ఆగస్టు 23

తప్పు చేసి ఉండవలసింది. తొంభై మూడు దగ్గరే తప్పు చేసి ఉంటే, నేను పిచ్చిదాన్నని నిర్ధారణ అయినా అయ్యేది. అన్నీ సరిగా చెప్పాను. అయినా నమ్మలేదు.

సెప్టెంబరు 26

గుర్తింపు వచ్చింది. అయిదేళ్ళకు. ఉత్తర్వు నకలు శోభనాద్రి స్వయంగా తెచ్చాడు. ఈసారి జామకాయలు. "విభాగం తీరప్రాంత బాలల కోసం ప్రత్యేక ప్రమాణాలు రూపొందించడం అభినందనీయం," అని అందులో ఒక వాక్యం ఉన్నది. దాని కింద పెన్నుతో గీత గీసి తెచ్చాడు.

"ఆరోజు మీ మీద అలా అనాల్సొచ్చిందండీ, తప్పుగా అనుకోకండి. మీ గౌరవం కోసమే కదండీ."

జామకాయలు నాకు పడతాయి. అయినా వెనక్కి పంపించాను.

సాయంత్రం జెనిఫర్ వచ్చింది. నంబరు వచ్చిందట. అభినందనలు చెప్పాను.

"మీరు నిజం చెప్పారు, ఎవరూ నమ్మలేదు కాబట్టి వచ్చిందండీ ఇది," అన్నది. "భవిత రిపోర్టు నిన్న సార్ సంతకం పెట్టి పంపేశారు. డెబ్బై ఎనిమిది. ఇదివరకు మనం వాడితే వాడేవాళ్ళం, లేకపోతే లేదు. ఇప్పుడు మండలి మెచ్చిన పట్టిక కదండీ, వాడకపోతే నాదే తప్పు అంటారు."

నేను నిజం చెప్పకముందు అది ఒక ముసలి అబద్ధం. ఇప్పుడు దానికి ముద్ర ఉన్నది.

అక్టోబరు 8

మండలికి నేను రిజిస్టరు పోస్టులో రాసిన ఉత్తరానికి జవాబు వచ్చింది. ఉత్తరంతో పాటు, నా బుద్ధి స్థిరంగా ఉన్నదని ఒక డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు కూడా జతచేసి పంపాను. అది రాయించుకోవడానికి వెళ్ళిన రోజు గురించి ఇక్కడ రాయను.

మూడు పంక్తులు. ఆమోదించిన పరీక్షలో మార్పు కోరే అధికారం విభాగాధిపతికి మాత్రమే ఉన్నది. కొత్త నమూనా ఆధారంగా కొత్త పట్టిక సమర్పిస్తే పరిశీలిస్తారు. కనీసం అరవై మంది పిల్లలు ఉండాలి.

శోభనాద్రికి ఫోను చేశాను. కొత్త పట్టిక తెచ్చిస్తే పంపుతానన్నాడు. నేను తేలేనన్న ధీమాతో అన్నాడు.

అరవై ఖాళీ పత్రాలు జెరాక్సు తీయించాను. జెనిఫర్‌ను తోడు రమ్మని అడిగాను.

"మీరొక్కరే వెళ్ళండి మేడం. అప్పుడూ ఒక్కరే కదా వెళ్ళింది. బడి హెచ్చెమ్ గారికీ నాన్నకీ చెబుతాను," అన్నది.

అక్టోబరు 14

చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడ బస్సు మారి నాగాయలంక. బస్సులు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఏ వేళకైనా తిరిగి రావచ్చు. ఆ సాకు కూడా లేదు.

దారి పొడుగునా ఒకటే అభ్యాసం చేశాను. సంతోషమ్మ గ్లాసు ఇస్తుంది. నేను అందుకుంటాను. మొత్తం తాగుతాను. గ్లాసు కింద పెట్టి, ఆమె కళ్ళలోకి చూస్తాను. మాటలు కూడా కూర్చుకున్నాను. చల్లపల్లి దాటాక వాటిలో రెండు విశేషణాలు తీసేశాను.

పేటలో ఇప్పుడు అన్నీ డాబాలు. శ్యాంబాబు షెడ్డు వీధి చివర. నూనె చేతులతోనే వచ్చి ఇంటికి తీసుకువెళ్ళాడు. వరండాలో మంచం మీద సంతోషమ్మ కూర్చుని ఉన్నది. ఎనభై దాటి ఉంటాయి. చూపు బాగానే ఉన్నది. నన్ను పై నుంచి కిందికి చూసింది.

"బందరు నుంచి మేడం గారొచ్చారమ్మా," అన్నాడు కొడుకు.

"తెలుసు," అన్నదామె. "కుర్చీ వెయ్యి."

కుర్చీ వేశాడు. కూర్చున్నాను. ఎండలో నడిచి వచ్చాను, నాలుక ఎండిపోయింది. అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. లోపల ఫ్రిజ్జు చప్పుడు వినబడుతున్నది. కోడలు గడప దగ్గరకు వచ్చి అత్తగారి వంక చూసింది. సంతోషమ్మ తల అడ్డంగా ఊపింది. కోడలు లోపలికి వెళ్ళిపోయింది.

నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నేను అడగలేదు. కూర్చుకున్న మాటలకు చోటే లేకపోయింది.

బడిలో పిల్లలు ఎదురు చూస్తూ ఉంటారని చెప్పి లేవబోయాను.

"కూర్చోండి," అన్నాడు శ్యాంబాబు. ఆ మాటలో మర్యాద ఉన్నది, సడలింపు లేదు. చేతులు గుడ్డతో తుడుచుకుని నా ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "మా అమ్మాయి నా కాయితం ఫోటో తీసి పంపిందండీ. డెబ్బై ఒకటంట. ముందు నాది రాయండి. నన్ను అడిగి రాయండి. తర్వాత పిల్లల దగ్గరికి వెళ్దురు గాని."

సంచీలోంచి మొదటి పత్రం తీశాను. పేరు: శ్యాంబాబు. వయస్సు: యాభై మూడు. తండ్రి పేరు: బాలస్వామి. చిన్నపిల్లలను అడిగే ప్రశ్నలు ఒక్కొక్కటే ఆ నెరిసిన మనిషిని అడిగాను. వారానికి ఎన్ని రోజులు. రాయి నీళ్ళలో ఎందుకు మునుగుతుంది. అతను నవ్వలేదు. ప్రతిదానికీ ఆలోచించి చెప్పాడు. ఎనిమిది అయ్యాయి.

తొమ్మిదోదాని దగ్గర పెన్నుకు మూత పెట్టాను.

"అడగండి," అన్నాడు.

"ఇంట్లోకి నీళ్ళు వస్తుంటే ముందు ఏం చేస్తావు?"

ఆ ప్రశ్న అచ్చులో ఏకవచనంలోనే ఉన్నది. అలాగే అడిగాను.

"ముందు తలుపులు తీసేస్తామండీ. వీధి తలుపు, పెరటి తలుపు, రెండూ. నీళ్ళు ఇటు నుంచి వచ్చి అటు పోవాలి. భయపడి మూశామా, గోడ కూలిపోద్ది." చేతిలోని గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. "మా ఇంట్లో మూశారండీ. చెల్లి గోడవారన పడుకుని ఉంది."

సంతోషమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుంది.

నేను ముద్రించిన మార్కుల సూచిక నా చేతిలోనే ఉన్నది. తొమ్మిదో ప్రశ్నకు రెండు మార్కుల జవాబు: తలుపు మూసి, పెద్దవాళ్ళను పిలుస్తాను. గుడివాడలో, పామర్రులో, బందరులో ఎందరో పిల్లలకు ఆ రెండు మార్కులు వేశాను. అవి నిజంగా వేసినవే, పిల్లల్ని అడిగి వేసినవే.

అతను చెప్పినది చెప్పినట్టు రాశాను. అక్షరాలు వంకరపోయాయి. మార్కు గడి ఖాళీగా వదిలేశాను. కాగితం మీద ఒక చోట అతని వేలి నూనె మరక పడింది.

"రాశారా?" అన్నాడు.

"రాశాను."

"తర్వాతది అడగండి."